ఎలక్ట్రోమాగ్నెటిక్ పిస్టన్ పంపా, డయాఫ్రమ్ పంపా, బ్లోయరా: ఎయిర్ పంపు ఎలా ఎంచుకోవాలి

ఎయిర్ పంపు డబ్బా మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె ఒకటే: నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి. కొనేవాళ్లలో ఎక్కువమంది దాన్ని బట్టే నిర్ణయం తీసుకుంటారు. 65 లీటర్ల పంపు కంటే 80 లీటర్లది మేలు, 100 లీటర్లదైతే ఇంకా మేలు అని లెక్క వేసుకుంటారు. తీరా పంపు తెచ్చి గొట్టాన్ని నీళ్ల అడుగుకి దించాక బుడగలు అనుకున్నంత రావు. పంపులో లోపం ఏమీ ఉండదు. ఆ అంకెను ఎంత ఒత్తిడి దగ్గర కొలిచారో మనం చూసుకోలేదు, అంతే.

చేపల ట్యాంకులు, బయోఫ్లాక్ (సూక్ష్మజీవులతో నీళ్లు శుభ్రంగా ఉంచుతూ చేపలు పెంచే పద్ధతి), చిన్న కొలనులు, హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా నీళ్లలో మొక్కల పెంపకం), మురుగునీటి శుద్ధి ట్యాంకులు... వీటన్నిటికీ కావలసింది తక్కువ ఒత్తిడిలో, ఆగకుండా వచ్చే గాలి. ఈ పనికి దొరికే పంపుల్లో ఎలక్ట్రోమాగ్నెటిక్ పిస్టన్ పంపుకి మంచి పేరుంది. ఆ పేరు చాలావరకు నిజమే కానీ అన్ని చోట్లా కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీళ్ల లోతు మీటరు నుంచి రెండు మీటర్ల లోపు ఉండి, నిమిషానికి 30 నుంచి 150 లీటర్ల గాలి చాలనుకుంటే, పంపు రాత్రీ పగలూ నడవాల్సి ఉంటే దీన్ని మొదట చూడండి. అంతకంటే చిన్న పనికి ఇది దండగ. అంతకంటే పెద్ద పనికి చాలదు.

లోపల జరిగేది

పంపు విప్పితే ముఖ్యంగా కనిపించేవి ఒక రాగి కాయిల్, ఒక సిలిండరు, అందులో ఒక పిస్టను, దాని వెనక స్ప్రింగు, గాలి లోపలికీ బయటికీ వెళ్లే చోట పల్చటి వాల్వులు. తిరిగే మోటారు ఉండదు. క్రాంక్ ఉండదు, కనెక్టింగ్ రాడ్ ఉండదు, బేరింగులూ ఉండవు. కాయిల్‌లో కరెంటు పారినప్పుడు అది అయస్కాంతమై పిస్టన్‌కి ఉన్న ఇనుప భాగాన్ని లాగుతుంది. కరెంటు తగ్గగానే స్ప్రింగు పిస్టన్‌ని వెనక్కి తోస్తుంది. ఈ రాకపోకల్లో ఒక దిక్కుకి గాలి లోపలికి వస్తుంది, రెండో దిక్కుకి బయటికి పోతుంది.

మనకు వచ్చే ఏసీ కరెంటు సెకనుకు 50 సార్లు (కొన్ని దేశాల్లో 60 సార్లు) ప్లస్, మైనస్ అవుతూ ఉంటుంది. చాలా పంపుల్లో కాయిల్‌కి ముందు ఒక డయోడ్ పెడతారు. అది అలలో ఒక సగాన్నే పోనిస్తుంది. ఆ సగంలో అయస్కాంతం లాగుతుంది, మిగతా సగంలో స్ప్రింగు తోస్తుంది. అంటే 50 హెర్ట్జ్ సరఫరా మీద సెకనుకు 50 స్ట్రోకులు, నిమిషానికి 3,000. నిమిషానికి 60 లీటర్లు ఇచ్చే పంపైతే ఒక్కో స్ట్రోక్‌కి బయటికి వచ్చేది 20 మిల్లీలీటర్ల గాలి మాత్రమే. రోజంతా నడిస్తే ఆ పిస్టను 43 లక్షల 20 వేల సార్లు అటూ ఇటూ కదులుతుంది. ఏడాదికి 157 కోట్లు దాటుతుంది. అన్నిసార్లు కదిలే వస్తువు అరగకుండా ఎలా ఉంటుందన్నదే ఈ పంపు తయారీలో అసలు విషయం.

దానికి జవాబు పిస్టను కదిలే తీరులో ఉంది. మోటారుతో నడిచే పిస్టన్ పంపులో కనెక్టింగ్ రాడ్ ఏటవాలుగా తోస్తుంది కాబట్టి పిస్టను ప్రతిసారీ సిలిండరు గోడని ఒక పక్కకి ఒత్తుతుంది. అరుగుదలకి అదే మూలం. ఎలక్ట్రోమాగ్నెటిక్ పంపులో లాగే బలం పిస్టన్ నడిచే దారిలోనే ఉంటుంది. పక్కకి ఒత్తిడి చాలా తక్కువ. అందుకే పీటీఎఫ్ఈ, అంటే నాన్‌స్టిక్ పెనాలకి పూసే పదార్థం, పూతగానో రింగుగానో పెడితే సరిపోతుంది. ఆయిల్ అక్కర్లేదు. ఆయిల్ లేదు కాబట్టి బయటికి వచ్చే గాలిలో నూనె ఆవిరి ఉండదు. చేపలకీ, మురుగు ట్యాంకులో పనిచేసే బ్యాక్టీరియాకీ అది ముఖ్యం.

ఇంకో కిటుకు స్ప్రింగులో ఉంది. పిస్టన్ బరువు, స్ప్రింగు బిగువు, ముందున్న గాలి ఒత్తిడి కలిసి ఒక సహజమైన ఊపుని ఇస్తాయి. ఉయ్యాలను సరైన క్షణంలో కొద్దిగా తోస్తే చాలు, ఎత్తుకి వెళ్తుంది కదా. ఇక్కడా ఆ ఊపుని కరెంటు ఫ్రీక్వెన్సీకి దగ్గరగా ఉండేలా తయారుచేస్తారు. తక్కువ వాట్లతో ఎక్కువ కదలిక రావడానికి కారణం అదే. 60 హెర్ట్జ్ కోసం చేసిన పంపుని 50 హెర్ట్జ్ మీద పెడితే గాలి తగ్గి, కాయిల్ వేడెక్కడానికి కారణం కూడా అదే: ఊపు కుదరదు, పైగా తక్కువ ఫ్రీక్వెన్సీలో కాయిల్ ఎక్కువ కరెంటు లాగుతుంది. బయటి దేశాల నుంచి పంపు తెప్పించుకునేవాళ్లు వోల్టేజీ ఒక్కటే చూసి ఊరుకుంటారు. హెర్ట్జ్ కూడా చూడాలి.

లేబుల్ మీది రెండు అంకెలు ఒకేసారి నిజం కావు

ఈ రకం పంపు మీద సాధారణంగా మూడు అంకెలు ఉంటాయి: వాట్లు, గాలి, ఒత్తిడి. ఉదాహరణకి 35 వాట్లు, నిమిషానికి 65 లీటర్లు, 0.035 మెగాపాస్కల్ (అంటే 35 కిలోపాస్కళ్లు). చూడ్డానికి బాగుంది. 35 కిలోపాస్కళ్ల ఒత్తిడి అంటే మూడున్నర మీటర్ల నీళ్ల అడుగుకి గాలి పంపొచ్చు, అదీ 65 లీటర్ల చొప్పున, అనుకుంటాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. గాలి మీద జరిగే పని సుమారుగా ప్రవాహాన్ని ఒత్తిడితో గుణిస్తే వస్తుంది. నిమిషానికి 65 లీటర్లంటే సెకనుకి 0.00108 ఘనపు మీటర్లు. దాన్ని 35,000 పాస్కళ్లతో గుణిస్తే దాదాపు 38 వాట్లు. పంపు లాగేదే 35 వాట్లయితే, అందులోంచి 38 వాట్ల పని ఎలా వస్తుంది? రాదు. 65 లీటర్లన్నది గొట్టం ఏమీ తగిలించకుండా ఖాళీగా వదిలినప్పటి గాలి. 35 కిలోపాస్కళ్లన్నది మూతి మూసేసినప్పుడు వచ్చే ఒత్తిడి, అప్పుడు బయటికి వచ్చే గాలి సున్నా. మీ ట్యాంకు ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉంటుంది.

మురుగు ట్యాంకుల కోసం చేసే లీనియర్ పంపుల (తిరగకుండా నేరుగా ముందుకీ వెనక్కీ కదిలేవి) లేబుల్ వేరేలా ఉంటుంది. వాటిలో చాలావాటికి గాలిని 14.7 కిలోపాస్కళ్ల దగ్గర, అంటే మీటరున్నర నీళ్ల ఒత్తిడి మీద, కొలిచి రాస్తారు. 80 లీటర్లని రాసి ఉంటే ఆ లోతులో 80 లీటర్లని అర్థం. అదే లెక్క వేస్తే గాలి మీద జరిగే పని 20 వాట్లు. ఆ తరగతి పంపులు 60 నుంచి 85 వాట్ల దాకా లాగుతాయి కాబట్టి ఇది నమ్మదగ్గ అంకె. అందుకని 65 లీటర్లు, 35 వాట్లున్న పంపునీ, 80 లీటర్లు, 70 వాట్లున్న పంపునీ పక్కపక్కన పెట్టి మొదటిది సగం కరెంటుతో అంతే పని చేస్తోందని మురిసిపోకండి. రెండూ వేర్వేరు కొలతలు.

మీ ట్యాంకుకి ఎంత ఒత్తిడి కావాలో తెలుసుకోవడం తేలికే. ప్రతి మీటరు లోతుకి సుమారు 10 కిలోపాస్కళ్లు. డిస్క్ డిఫ్యూజర్ (గాలిని సన్నటి బుడగలుగా విడగొట్టే పళ్లెం) పెడితే దానికి ఇంకో 2 నుంచి 5. గొట్టాలకీ, మలుపులకీ, వాల్వులకీ ఒకటో రెండో. 1.2 మీటర్ల లోతున్న ట్యాంకైతే 12, 4, 1 కలిపి 17 కిలోపాస్కళ్లు అనుకోండి. తయారీదారు ఇచ్చే గ్రాఫులో 17 దగ్గర ఎన్ని లీటర్లు వస్తున్నాయో చూసుకోవాలి. గ్రాఫు లేకపోతే ఒక మోటు లెక్క ఉంది: సున్నా ఒత్తిడి దగ్గర గరిష్ఠ గాలి, గరిష్ఠ ఒత్తిడి దగ్గర సున్నా గాలి అని రెండు చుక్కలు పెట్టి మధ్యలో ఒక గీత గీయండి. పైన చెప్పిన 65 లీటర్ల పంపు ఈ ట్యాంకులో ఇచ్చేది 33 లీటర్ల దరిదాపు. సగం! చాలామందికి కలిగే నిరాశంతా ఈ సగంలోనే ఉంది.

డయాఫ్రమ్ పంపుతో పోలిస్తే

నిజమైన పోటీ దీంతోనే. డయాఫ్రమ్ పంపులో కూడా మోటారు ఉండదు. రెండు కాయిళ్ల మధ్య శాశ్వత అయస్కాంతాలు బిగించిన ఒక కడ్డీ ఊగుతుంది. ఆ కడ్డీ రెండు కొసలకీ రబ్బరు డయాఫ్రమ్‌లు ఉంటాయి. అవి ఉబ్బుతూ కుంచించుకుంటూ గాలిని తోస్తాయి. రాపిడి అసలు ఉండదు కాబట్టి అరుగుదల లేదు. కానీ రబ్బరు వంగీ వంగీ అలసిపోతుంది, వేడికి గట్టిబడుతుంది, ఒకరోజు చిరుగుతుంది.

రెండింటి మధ్య నేను అన్నిటికంటే ఎక్కువ చూసే తేడా పాడయ్యే తీరు. పిస్టన్ పంపు మెల్లగా ముసలిదవుతుంది. రింగు అరిగేకొద్దీ గాలి కొంచెం కొంచెం తగ్గుతుంది. నెలల తరబడి నడుస్తూనే ఉంటుంది. డయాఫ్రమ్ పంపు నిన్నటిదాకా పూర్తి గాలి ఇచ్చి ఈరోజు ఆగిపోతుంది. రబ్బరు చిరిగితే కడ్డీ పక్కకి జరిగి కాయిల్‌ని కొట్టకుండా మంచి కంపెనీలు ఒక సేఫ్టీ స్విచ్ పెడతాయి. డయాఫ్రమ్ పోగానే అది పంపుని ఆపేస్తుంది. పంపుకి అది రక్షణే. ట్యాంకు నిండా చేపలున్నవాడికి మాత్రం అది అర్ధరాత్రి వచ్చే టెన్షన్.

అలాగని పిస్టన్ పంపు మెల్లగా తగ్గడం పూర్తిగా మంచిదని కూడా అనను. రోజూ చూసే కళ్లకి ఆ తగ్గుదల కనబడదు. బుడగలు వస్తూనే ఉన్నాయి కదా అనిపిస్తుంది. అందుకే కొన్నరోజే కొలిచి రాసిపెట్టుకోవాలి. పద్ధతి తేలిక. 20 లీటర్ల క్యాన్‌ని నీళ్లతో నింపి, మూతి నీళ్లలోనే ఉండేలా ట్యాంకులో తలకిందులుగా పట్టుకుని, గొట్టం కొసని దాని మూతిలోకి పెట్టండి. నీళ్లన్నీ దిగిపోయి క్యాన్ గాలితో నిండడానికి 20 సెకన్లు పడితే నిమిషానికి 60 లీటర్లు, 40 సెకన్లయితే 30. క్యాన్ పైకి తన్నుతుంది, గట్టిగా పట్టుకోవాలి. ఎప్పుడు కొలిచినా గొట్టం అదే లోతులో ఉంచాలి. మొదటి కొలతలో నాలుగో వంతు తగ్గితే ముందు ఫిల్టరూ, ఎయిర్ స్టోనూ (గొట్టం కొసన బుడగలు వదిలే రాయి) శుభ్రం చేసి మళ్లీ కొలవండి. అప్పటికీ పెరగకపోతే వాల్వులూ, పిస్టన్ రింగూ చూడాల్సిన సమయం వచ్చినట్టే.

రిపేరు విషయంలో డయాఫ్రమ్‌దే పైచేయి. డయాఫ్రమ్‌లూ వాల్వులూ కలిపి కిట్‌లా అమ్ముతారు, నాలుగైదు స్క్రూలు విప్పడం వస్తే ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఒకటే చిరిగినా రెండూ మార్చాలి, లేకపోతే కడ్డీ ఒకవైపు లాగుతుంది. పిస్టన్ పంపులో సిలిండరు గీరుకుపోతే చాలాసార్లు పిస్టన్, సిలిండరు జతగా మార్చాలి, కొన్ని చవక మోడళ్లకి ఆ జత విడిగా దొరకదు. కాబట్టి కొనేముందు దుకాణదారుని గాలి గురించి కాకుండా స్పేర్ల గురించి అడగండి. జవాబులో తడబాటు ఉంటే ఆ మోడల్ వదిలేయొచ్చు.

లోతు విషయంలో పిస్టన్‌కి మొగ్గు. ఒత్తిడి పెరిగేకొద్దీ రబ్బరు సాగి వెనక్కి తగ్గుతుంది, గట్టి పిస్టన్ సాగదు. మీటరు లోపు లోతుకి నేనైతే డయాఫ్రమ్ వైపే వెళ్తాను, ముఖ్యంగా పంపు పడకగది పక్కన ఉంటే. మీటరున్నర దాటితే పిస్టన్. ఈ రెండింటి మధ్యలో ఉన్నవాళ్లు స్పేర్లు దేనికి దొరికితే అది కొనుక్కోవచ్చు, పెద్ద తేడా రాదు.

మిగతా పోటీదారులు

చిన్న గాజు తొట్టికి వాడే వైబ్రేటర్ పంపు, అదే 2 నుంచి 5 వాట్ల అరచేతి డబ్బా, అడుగున్నర లోతుకి చక్కగా సరిపోతుంది. దాని బదులు పిస్టన్ పంపు పెట్టి సగానికి పైగా గాలి బయటికి వదిలేసుకోవడంలో అర్థం లేదు.

మోటారుతో నడిచే రాకింగ్ పిస్టన్ కంప్రెసర్ లోతైన చెరువులకి. మూడు మీటర్లు దాటితే ఇదే దిక్కు. ఒత్తిడికి కొరత ఉండదు కానీ బేరింగులూ, కప్ సీలూ, కెపాసిటరూ ఉంటాయి, చప్పుడూ వైబ్రేషనూ ఎక్కువ. కరెంటు పోయి వచ్చినప్పుడు లైనులో ఒత్తిడి మిగిలి ఉంటే కొన్ని మోటార్లు స్టార్ట్ కాలేక గుర్రుమంటూ వేడెక్కుతాయి. ఎలక్ట్రోమాగ్నెటిక్ పంపుకి ఆ బాధ లేదు. తిప్పాల్సిన బరువే లేదు కాబట్టి స్విచ్ వేసిన క్షణం నుంచి ఊగడం మొదలుపెడుతుంది, స్టార్టింగ్‌లో పెద్ద కరెంటు కూడా లాగదు. కరెంటు తరచూ పోయే చోట ఇది చిన్న సుగుణం కాదు. ఇక టైర్లకి గాలి కొట్టే కంప్రెసర్‌ని ట్యాంకుకి తగిలించే ఆలోచన మానుకోండి. అవి కొద్ది నిమిషాల పనికి చేసినవి.

వేన్ పంపులో కార్బన్ పలకలు సిలిండరు గోడకి ఒరుసుకుంటూ తిరుగుతాయి. గాలి కుదుపులు లేకుండా సాఫీగా వస్తుంది. కానీ ఆ పలకలు అరుగుతూ సన్నటి నల్లపొడి వదులుతాయి, ఫిల్టరు లేకపోతే అది నీళ్లలోకి పోతుంది.

రింగ్ బ్లోయర్ గురించి ఒక మాట ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే చిన్న ఫారమ్‌లు నడిపేవాళ్లు పిస్టన్ పంపు, బ్లోయర్ మధ్యే ఎక్కువ ఊగిసలాడతారు. అర హార్స్‌పవర్ బ్లోయర్ నిమిషానికి 1,000 లీటర్ల స్థాయిలో గాలి ఇస్తుంది. పది ట్యాంకులకి పది పంపులు పెట్టే బదులు ఒక్క బ్లోయర్, ఒక పెద్ద పైపు, పది వాల్వులు. పని సులువవుతుంది. కానీ ఒత్తిడి తక్కువ: డిఫ్యూజర్లు మూసుకుపోతే గాలి ఒక్కసారిగా పడిపోతుంది, బ్లోయర్ వేడెక్కుతుంది. చప్పుడు కీచుమంటూ దూరానికి వినిపిస్తుంది. నా లెక్కలో నిమిషానికి 300 లీటర్లు దాటాక బ్లోయర్ గురించి ఆలోచించడం మొదలుపెట్టాలి. 150 లోపైతే వద్దు. మధ్యలో ఉన్నవాళ్లు రెండు మూడు పిస్టన్ పంపులు కలిపి నడుపుకోవచ్చు.

కరెంటు లెక్క కూడా ఇక్కడే చూద్దాం. 35 వాట్ల పంపు 24 గంటలు నడిస్తే 0.84 యూనిట్, నెలకి 25 యూనిట్లు. 80 వాట్లదైతే నెలకి 58 దాకా. అర హార్స్‌పవర్ బ్లోయర్ నిజానికి లాగేది 500 వాట్ల దగ్గర ఉంటే రోజుకే 12 యూనిట్లు, నెలకి 360. ఆగకుండా నడిచే యంత్రానికి కొన్న ధర కంటే ఈ అంకే ఎక్కువ బరువు. అవసరానికి మించిన పంపు కొంటే ప్రతి నెలా ఆ తప్పుకి వాయిదా కడుతున్నట్టే.

చప్పుడు, ఇన్వర్టర్, వేడి

ఎలక్ట్రోమాగ్నెటిక్ పంపులు ‘సైలెంట్’ అని అమ్ముతారు. రెండు పిస్టన్లు ఎదురెదురుగా కదులుతూ ఒకదాని కుదుపుని ఒకటి రద్దు చేసే డిజైన్లు, లేదా మంచి రబ్బరు మౌంట్ల మీద కూర్చోబెట్టిన లీనియర్ పంపులు నిజంగానే నిశ్శబ్దంగా ఉంటాయి. అల్యూమినియం బాడీ ఉన్న చవక ఒంటి సిలిండరు పంపు మాత్రం ఫ్రిజ్ కంటే గట్టిగా గుమ్మంటుంది. ఆ గుమ్మనడంలో సగం పంపుది కాదు, దాని కింద ఉన్న చెక్కబల్లది. బోలుగా ఉన్న బల్ల మీద నుంచి తీసి సిమెంటు గట్టు మీద మందపాటి రబ్బరు ముక్క వేసి పెట్టి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకా తగ్గాలంటే అడుగు పొడవు పెద్ద సైజు పీవీసీ పైపుకి రెండు వైపులా మూతలేసి, అవుట్‌లెట్ గొట్టం మధ్యలో దాన్ని కలపండి. గాలి కుదుపులు అందులో సర్దుకుంటాయి.

ఇన్వర్టర్ మీద నడపాలనుకుంటే ప్యూర్ సైన్‌వేవ్ ఇన్వర్టరే తీసుకోండి. స్క్వేర్‌వేవ్ వాటి మీద పంపు గరగరలాడుతుంది, కాయిల్ వేడెక్కుతుంది. డయోడ్ ఉన్న పంపు అలలో ఒక సగాన్నే వాడుకుంటుంది కాబట్టి చిన్న ఇన్వర్టర్లకి అది ఇబ్బంది. కాయిల్ లోడ్‌కి పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) కూడా తక్కువ. అందుకని 35 వాట్లకి 40 వీఏ (ఇన్వర్టర్ సామర్థ్యం కొలిచే అంకె) చాలని లెక్క కట్టకుండా రెండు మూడు రెట్లు ఉంచుకోవడం నయం. కరెంటు పోయినప్పుడు మాత్రమే కావాలంటే 12 వోల్టుల డీసీ పంపు ఒకటి బ్యాటరీ పక్కన పెట్టుకోవడం తేలికైన దారి. చేపల్ని రవాణా చేసేవాళ్లు వాడేవి అవే.

వేడి గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ పంపుల్లో చాలావాటికి విడిగా ఫ్యాను ఉండదు. లోపలికి పీల్చుకునే గాలే కాయిల్‌నీ సిలిండరునీ చల్లబరుస్తుంది. అంటే గాలి ఎక్కువైందని అవుట్‌లెట్ వాల్వు బిగిస్తే, ఒకవైపు ఒత్తిడి పెంచుతున్నారు, మరోవైపు చల్లబరిచే గాలిని ఆపుతున్నారు. కాయిల్ కాలిపోయే పంపుల్లో చాలావాటి కథ ఇదే. గాలి ఎక్కువైతే ఒక టీ జాయింట్ పెట్టి మిగులు గాలిని బయటికి వదిలేయాలి, లేదా ఇంకో ట్యాంకుకి ఇవ్వాలి. అవుట్‌లెట్ దగ్గర గాలి బాగా వేడిగా వస్తుంది కాబట్టి మొదటి ముక్క లోహపు గొట్టమో, వేడికి తట్టుకునే రబ్బరు హోసో ఉండాలి. మామూలు ప్లాస్టిక్ ట్యూబు అక్కడ మెత్తబడి ఊడిపోతుంది, ఊడిన సంగతి బుడగలు ఆగాకగానీ తెలియదు.

పెట్టేటప్పుడూ, వాడేటప్పుడూ

పంపుని వీలైతే నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టండి. కుదరకపోతే నాన్ రిటర్న్ వాల్వు తప్పనిసరి. కరెంటు పోగానే ట్యాంకులో నీళ్లు గొట్టం ద్వారా వెనక్కి పంపులోకి రావచ్చు. కాయిల్‌లోకి నీళ్లు పోయాక ఆ పంపు మీద ఆశ వదులుకోవాల్సిందే, షాక్ కొట్టే ప్రమాదం కూడా ఉంది. ఎత్తులో పెట్టినా వాల్వు ఒకటి ఉంచుకుంటే నష్టం లేదు, ఏడాదికోసారి మార్చాలి అంతే.

పంపు ఏ గాలి పీలిస్తే నీళ్లలోకి అదే పోతుంది. పురుగుమందులు నిల్వ ఉన్న గది, పెయింటు వేస్తున్న చోటు, జనరేటర్ పొగ వచ్చే మూల, ఇవేవీ పనికిరావు. దుమ్ము కూడా శత్రువే. ఇన్‌టేక్ ఫిల్టరు మూసుకుపోతే పంపు ఉక్కిరిబిక్కిరై వేడెక్కుతుంది, ఫిల్టరు తీసేసి నడిపితే దుమ్ము పీటీఎఫ్ఈ రింగుని ఇసుకకాగితంలా గీరుతుంది. నెలకోసారి ఆ స్పాంజి ముక్క తీసి ఉతికి, పూర్తిగా ఆరాక పెట్టండి. తడిగా పెట్టకూడదు.

పంపు విప్పినప్పుడు సిలిండరు గోడ మీద సన్నటి నల్లపొడి కనిపిస్తుంది. రింగు అరగడం వల్ల వచ్చేది అది, కొద్దిగా ఉంటే మామూలే. పొడి గుడ్డతో తుడిచేస్తే చాలు. చాలామంది మెకానిక్‌లు ఇక్కడే అలవాటు కొద్దీ రెండు చుక్కల ఆయిల్ వేస్తారు. వద్దనండి. ఆయిల్ పడగానే పంపు ఒకటి రెండు రోజులు హాయిగా నడుస్తుంది, తర్వాత ఆ ఆయిల్‌కి పొడీ దుమ్మూ అంటుకుని ముద్దై పిస్టన్ పట్టేస్తుంది. చప్పుడు మారితే కూడా గమనించండి. గాలి తగ్గి టపటపమని చప్పుడు వస్తుంటే వాల్వు రేకులో చెత్త ఇరుక్కుని ఉండొచ్చు, శుభ్రం చేస్తే పోతుంది. లోహం లోహానికి తగులుతున్నట్టు టంగుటంగుమంటే స్ప్రింగు విరిగిందనుకోవాలి, అప్పుడు వెంటనే ఆపేయాలి.

పాత పంపు కొనేవాళ్లు లీటర్ల అంకె చూడక్కర్లేదు. అరగంట నడిపించి, కాయిల్ వైపు నుంచి మాడిన వార్నిష్ వాసన వస్తోందా లేదా చూడండి. తర్వాత మీకు కావలసిన లోతులో గొట్టం దించి పైన చెప్పిన క్యాన్ పరీక్ష చేయండి. ఆ రెండూ సరిగ్గా ఉంటే బాడీ మీద గీతలు పట్టించుకోనవసరం లేదు.

ఒకటి పెద్దదా, రెండు చిన్నవా

చివరికి ఎంత సైజు అన్న ప్రశ్న మిగులుతుంది. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్‌ని తక్కువ పట్టుకుంటాయి: 20 డిగ్రీల దగ్గర లీటరుకి 9 మిల్లీగ్రాములు పట్టే మంచినీళ్లు 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే పడతాయి. నాచూ మొక్కలూ రాత్రిపూట ఆక్సిజన్‌ని వాడుకుంటాయే తప్ప ఇవ్వవు. కాబట్టి వేసవిలో తెల్లవారుజామున సరిపోయే పంపు ఏడాదంతా సరిపోతుంది. మీ లోతు దగ్గర వచ్చే గాలిని లెక్కలోకి తీసుకుని, డిఫ్యూజర్లు కొంత మూసుకుపోయినా తట్టుకునేలా మీద 20 నుంచి 30 శాతం కలుపుకోండి. అంతకుమించి వద్దు.

ఆ మొత్తాన్ని ఒకే పంపుతో తెచ్చుకోవడం కంటే రెండు పంపులతో తెచ్చుకోవడం నాకు ఇష్టం. 100 లీటర్లు కావాలంటే 50 చొప్పున రెండు, ఒక్కోదానికీ సొంత నాన్ రిటర్న్ వాల్వు, రెండూ ఒకే మ్యానిఫోల్డ్‌లోకి, అంటే గాలిని పంచే ఉమ్మడి పైపులోకి. వీలైతే రెండింటినీ వేర్వేరు ప్లగ్ పాయింట్లకి పెట్టాలి. ఒకటి ఆగినా చేపలు తెల్లారేదాకా తట్టుకుంటాయి, ఒకదాన్ని విప్పి శుభ్రం చేస్తున్నప్పుడు రెండోది నడుస్తుంది. చలికాలంలో ఒక్కటే నడిపినా సరిపోయే ట్యాంకులు చాలా ఉంటాయి. అప్పుడు రెండింటినీ వారం వారం మార్చి నడపండి, మూలన పడి ఉన్న పంపు అవసరమైన రోజున మొరాయించకుండా ఉంటుంది.